ఫోను ఒకరిది, జబ్బు ఒకరిది

మన ఆసుపత్రి ఓపీ చీటీలో పేరు, వయసు, ఊరు రాశాక ఫోన్ నంబరుకు ఒక గడి ఉంటుంది. స్త్రీల చీటీలు ఏ రోజువైనా తీసి చూస్తే, ఆ గడిలో ఉన్నది చాలామట్టుకు ఆమె నంబరు కాదు. భర్తదో, కొడుకుదో, అల్లుడిదో అయి ఉంటుంది. రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందని ల్యాబు నుంచి మెసేజి ఆ నంబరుకే వెళ్తుంది. స్కానింగు రిపోర్టు ఫొటో తీసి పంపమన్నా ఆ నంబరుకే. ఆమెకు ఆ సంగతి తెలిసేది సాయంత్రం ఆయన ఇంటికి వచ్చాక, అదీ ఆయన గుర్తుంచుకుని చెబితే.

"ఆరోగ్య విషయాలు ఫోన్లో చూసుకోవడం మంచిదేనా సిస్టరమ్మా?" అని వార్డుల్లోనూ, ఆరాధన అయ్యాక గుడి ఆవరణలోనూ, పెళ్లి భోజనాల దగ్గర కూడా మమ్మల్ని అడుగుతుంటారు. మంచో చెడో చెప్పే ముందు మేము ఎదురు ప్రశ్న వేస్తాం. చూసేది ఎవరు? ఎవరి జబ్బు గురించి? స్త్రీలు, పురుషులు ఈ పని ఒకే తీరుగా చేయరు. ఆ తేడా వల్ల కొన్ని జబ్బులు మా దగ్గరకు రావలసిన దానికంటే చాలా ఆలస్యంగా వస్తున్నాయి. ఈ సంచికలో దీని గురించి రాయడానికి కారణం అదే.

ముందు లెక్కలు చూద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో "మీరు ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా?" అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో వాడామన్న స్త్రీలు నూటికి 21 మంది, పురుషులు 49 మంది. తెలంగాణలో స్త్రీలు 27 మంది, పురుషులు 57 మంది. దేశం మొత్తం మీద చూస్తే స్త్రీలు 33, పురుషులు 57. రోజూ వాడతారా అని కాదు, జన్మలో ఒక్కసారైనా వాడారా అన్నదే ప్రశ్న అని మరిచిపోవద్దు. ఆ తరువాత ఫోన్లు బాగా పెరిగాయి, మా కళ్ల ముందే పెరిగాయి. అయినా ఇంట్లో ఒక్కటే మంచి ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ఇక అమెరికా సంగతి వేరు. అక్కడ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2013లో వెలువరించిన నివేదికలో, ఇంటర్నెట్ వాడేవారిలో ఆరోగ్య విషయాలు వెదికే స్త్రీలే పురుషుల కంటే ఎక్కువని తేలింది. అందులోనే ఇంకో సంగతి కూడా ఉంది. అలా వెదికినవాటిలో దాదాపు సగం తమ కోసం కాదు, ఇంకొకరి కోసం. మాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నుదుటి మీద చెయ్యి వేసి చూసేది ఎవరు? ఫోను చేతికి వచ్చినా ఆ అలవాటే సాగుతుంది. అంటే స్త్రీకి ఆసక్తి లేక కాదు. ఇక్కడ ఆమె చేతిలో ఫోను ఉండదు. ఉన్నచోట ఆమె తన కోసం దాన్ని తెరవదు.

మా పిల్లల వార్డులో తల్లులను గమనిస్తుంటాం. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఎన్ని నీళ్లలో కలపాలో ఫోన్లో విని, సరిగ్గా లీటరు కొలిచి కలిపి పట్టించినవాళ్లు ఎందరో ఉన్నారు. అత్తగారి మోకాళ్ల నొప్పులకు ఏ వ్యాయామం చేయించాలో, మామగారి షుగరుకు రాగి జావ మంచిదో కాదో, భర్త బీపీ మాత్ర పరగడుపున వేయాలో తిన్నాక వేయాలో, అన్నీ కనుక్కుని ఉంటారు. చదవడం రాని తల్లి కూడా మైకు గుర్తు నొక్కి తెలుగులో అడుగుతుంది. ఇది చిన్న మార్పు కాదు. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన స్త్రీలు నూటికి 59 మందే, పురుషులు 75 మంది. అక్షరాలు రాని నలభై మంది ఇవాళ నోటితో అడిగి చెవితో వినగలుగుతున్నారు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో 104 నంబరుకు ఫోన్ చేస్తే ఆరోగ్య సలహా చెప్పే సేవ మొదలైనప్పుడు కూడా ఇదే మేలు జరిగింది. మాట్లాడగలిగితే చాలు.

అలాంటి తల్లులలో ఒకామె రెండేళ్ల పాపను నిమ్ముతో చేర్పించింది. పాప ఎగశ్వాస పెడుతోందని, డొక్కలు లోపలికి పోతున్నాయని వీడియో చూసి గుర్తుపట్టి, రాత్రికి రాత్రే తీసుకొచ్చింది. పాప బతికింది. మూడో రోజు మంచం పక్కన ఆ తల్లే కళ్లు తిరిగి పడిపోయింది. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6. పన్నెండు ఉండాల్సిన చోట ఆరు. ఏడాదిన్నరగా నెలకు పది రోజులు రక్తస్రావం అవుతోందట. ఆ సంగతి ఎందుకు వెదకలేదమ్మా అంటే నవ్వింది. ఫోను మరిదిది. పాప విషయం అడిగితే ఇస్తాడు. తను చూసినవన్నీ అందులో వరసగా కనిపిస్తాయి, నెలసరి గురించి చూస్తే ఇల్లంతా తెలిసిపోతుంది. ఇంకేం చెబుతుంది?

పై చదువులు చదివి ఉద్యోగం చేసే ఆడపిల్లలకు ఈ ఇబ్బంది లేదనుకుంటే పొరపాటే. వాళ్లకు సొంత ఫోను ఉంటుంది, తీరిక ఉండదు. అమెరికాలో ఉన్న కూతురు నాన్నగారి గుండె రిపోర్టు అర్ధరాత్రి వరకు చదివి, ఏ డాక్టరును కలవాలో ఇక్కడివారికి ఫోన్లో చెబుతుంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన చెల్లెలు అమ్మ కాలి పుండు ఫొటో చూసి అక్కకు జాగ్రత్తలు చెబుతుంది. తమ థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో అడిగితే ఇద్దరూ తడుముకుంటారు.

మగవారి సంగతి

మగవారికి ఫోను ఉంది, చూసే స్వేచ్ఛ కూడా ఉంది. చూస్తారు కూడా. అయితే ఒంటరిగా చూస్తారు, ఇంట్లో చెప్పరు. చూసినదాన్ని ఆసుపత్రికి రావడానికి కాక, రాకుండా ఉండడానికి వాడుకునేవారు ఎక్కువ. ఈ మాట కటువుగా ఉందని సంఘంలోని అన్నదమ్ములు అనుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా క్యాజువాలిటీలో చూస్తున్నవాళ్లం, కాస్త కటువుగానే అంటాం.

తెల్లవారుజామున గుండెల్లో బరువుగా ఉండి, ఎడమ చేయి లాగుతుంటే, ఫోను తీసి "ఛాతీలో మంట" అని అడుగుతారు. గ్యాసు అని, జీలకర్ర నీళ్లు తాగమని చెప్పే వీడియోలకు కొదువ లేదు. మంట అని అడిగితే మంటకే జవాబు వస్తుంది, బరువుగా ఉందని అడిగితే వేరే జవాబు వచ్చేదేమో. అడిగే మాటలోనే భయం లేని జవాబు వెదుక్కుంటారు. అలా మూడు గంటలు, నాలుగు గంటలు పోతాయి. గుండెపోటులో రక్తనాళం మూసుకున్న క్షణం నుంచి గుండె కండరం చచ్చుబడుతూ ఉంటుంది. మందు ఎంత త్వరగా పడితే అంత కండరం మిగులుతుంది. ఫోను చేతిలో ఉన్నప్పుడు నొక్కవలసింది 108. చివరకు ఆయనను బలవంతంగా ఆటో ఎక్కించి తెచ్చేది భార్యే. ఆయన ఫోన్లో ఏం చూశాడో ఆమెకు తెలియదు. ఆయన మొహం చూసి ఆమెకు తెలిసింది.

ఇక్కడే ఆడవారి గుండె గురించి ఒక మాట. గుండెపోటులో ఛాతీ నొప్పి ఆడవారికీ వస్తుంది. దానితోపాటు ఆయాసం, వాంతి వచ్చినట్లుండడం, వీపులోనో దవడలోనో నొప్పి, ఎన్నడూ లేనంత నీరసం మగవారికంటే ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. సినిమాలో మాదిరి ఛాతీ పట్టుకుని పడిపోవాలని చూస్తూ కూర్చోవద్దు.

షుగరు మాట. "షుగరును మూలాల నుంచి తీసేస్తాం, మాత్రలు మానేయండి" అనే వీడియోలు చూసి మందు ఆపేసి వచ్చినవారిలో మా దగ్గర మగవారే ఎక్కువ. బరువు బాగా తగ్గితే కొందరికి మాత్రలు తగ్గించవచ్చు, అది నిజమే, డాక్టర్లు చేస్తున్నారు కూడా. కానీ అది రక్తపరీక్షలు చూసుకుంటూ మెల్లగా చేసే పని. ఇన్సులిన్ మీదే ఆధారపడినవారు దాన్ని హఠాత్తుగా ఆపితే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. ఆ వీడియో చివర పొడి డబ్బా అమ్మకానికి ఉందేమో చూడండి. ఉంటే ఆ మాట డబ్బా కోసం చెప్పినదే.

లైంగిక బలహీనత గురించి మగవారు ఎవరినీ అడగలేక రాత్రిపూట ఫోన్లోనే వెదుకుతారు. ఊరూపేరూ లేని గుళికలు పోస్టులో తెప్పించుకుంటారు. షుగరు, బీపీ, రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో ఇది తొలి లక్షణం కావచ్చు. డాక్టరుగారి దగ్గర ఒక్క నిమిషం సిగ్గు పడితే అసలు జబ్బు దొరుకుతుంది. మా మగ నర్సులతో మాట్లాడవచ్చు, మాటలు ఆ గది దాటవు. మనసు బాగోకపోతే, తాగుడు మానలేకపోతే 14416 నంబరు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ అది, తెలుగులో మాట్లాడతారు. ఎవరికీ కనబడకుండా అడగాలనుకునే మగవారికి అది బాగా సరిపోతుంది.

అందరూ ఇలాగే అని కాదు. మొన్న కాన్పుల వార్డులో ఒక కుర్రవాడు భార్య ఉమ్మనీరు తగ్గిందన్న దగ్గర నుంచి చదివినవన్నీ నోటుబుక్కులో రాసుకొచ్చాడు. పదకొండు ప్రశ్నలు. డాక్టరమ్మ కూర్చోబెట్టి అన్నింటికీ జవాబు చెప్పారు. రెండు ప్రశ్నలు ఆమెకు కూడా నచ్చాయి. చూసినదాన్ని ఇలా తీసుకొస్తే మాకు ఎంత సంతోషమో.

గర్భసంచి విషయంలో

దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు అందరికంటే ఎక్కువగా ఉన్నది మన రెండు రాష్ట్రాల్లోనే. ఆ 2019-21 సర్వేలోనే, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశమంతటా నూటికి సుమారు ముగ్గురు తీయించుకుని ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. ముట్లు ఆగే వయసు రాకముందే ఇంతమంది.

అవసరమైన ఆపరేషన్లు ఉన్నాయి, మా థియేటరులోనూ జరుగుతాయి. కానీ చాలామంది మా దగ్గరకు నిర్ణయం చేసుకునే వస్తారు. తెల్లబట్ట అవుతోంది, ఉంచితే క్యాన్సరు అవుతుందట, పిల్లలు పుట్టేశారు కదా, తీసేయండి అంటారు. ఎవరు చెప్పారంటే "మా ఆయన ఫోన్లో చూశాడు" అంటారు. చూసిన ఆయన మగవాడు, తెల్లబట్ట ఏమిటో ఆయనకు తెలియదు. రంగు, వాసన, దురద గురించి ఆమెను అడగలేదు, ఆమె చెప్పలేదు. తెలిసిన ఒక్క మాటతో వెదికాడు, భయపెట్టే జవాబు వచ్చింది. ప్రేమ లేక కాదు, ప్రేమతోనే అప్పు చేసి ఆపరేషనుకు తీసుకొచ్చాడు.

ఆమే వెదికి ఉంటే ఏం తెలిసేది? వాసన, దురద లేకుండా కొద్దిగా తెల్లబట్ట కావడం ఆడవారి శరీర ధర్మమని తెలిసేది. దురద పెడుతూ పెరుగు ముద్దల్లా ఉంటే, వాసన వస్తుంటే అది ఇన్‌ఫెక్షన్ అని, మందులతో నయమవుతుందని తెలిసేది. తెల్లబట్ట క్యాన్సరుగా మారదని, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుందని, దాన్ని ముందే పట్టుకునే పరీక్ష ఐదు నిమిషాల పని అని, ఆడపిల్లలకు టీకా ఉందని తెలిసేది. రక్తస్రావం ఎక్కువైతే మాత్రలు, హార్మోను లూపు వంటివి ముందుగా వాడి చూడవచ్చని, చిన్న గడ్డలు చాలావరకు ముట్లు ఆగాక వాటంతటవే కుంచించుకుపోతాయని తెలిసేది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన లక్షణాలు ఒక్కసారిగా మీద పడతాయని, ఎముకలు త్వరగా బలహీనపడతాయని కూడా తెలిసేది. ఇవన్నీ తెలుసుకుని, డాక్టరమ్మతో మాట్లాడి, అప్పటికీ ఆపరేషనే కావాలంటే అది ఆమె నిర్ణయం.

వెంటనే రావలసినవి కూడా ఉన్నాయి. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడడం, భార్యాభర్తలు కలిసినప్పుడు రక్తం రావడం, రొమ్ములో నొప్పి లేని గడ్డ. నొప్పి లేదు కాబట్టి ఫరవాలేదనే మాట ఫోన్లో ఎక్కడైనా వినబడితే నమ్మకండి. గంటకు గుడ్డ మార్చవలసినంత రక్తస్రావం అవుతుంటే ఫోను చూస్తూ కూర్చోకండి.

పుట్టబోయేది ఆడా మగా తేల్చే చిట్కాలు వెదికేవారు ఇంకా ఉన్నారు. లింగ నిర్ధారణ ప్రకటనలు ఇంటర్నెట్‌లో కనబడకుండా ఆపాలని 2008లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులో 2017లో తీర్పు వచ్చింది. చట్టం 1994 నుంచే ఉంది. ఉప్పు, బేకింగ్ సోడా కలిపి చూసే చిట్కాలన్నీ ఉత్తవి. ఇంతకంటే దీని గురించి రాయబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు కొత్తగా, ప్రశ్న అడిగితే మనిషిలా మాట్లాడి జవాబు చెప్పే యంత్రాలు ఫోన్లలోకి వచ్చాయి. మా చిన్న నర్సులు చూపించారు. తెలుగులో మర్యాదగా, ఓపికగా చెబుతుంది, విసుక్కోదు. సిగ్గుపడే ఆడవారికి అది పెద్ద ఊరట అని ఒప్పుకుంటాం. అయితే అది మీ నాడి చూడలేదు, కనురెప్ప కిందకు లాగి రక్తం ఉందో లేదో చూడలేదు. తప్పు చెప్పేటప్పుడు కూడా అంతే ధీమాగా చెబుతుంది. మందు పేరు, మోతాదు దాన్ని అడిగి మెడికల్ షాపుకు వెళ్లవద్దు. గర్భం పోవడానికి మాత్రలు భర్త ఫోన్లో చూసి కొనుక్కొస్తే, ఆమె రక్తం ధారలు కడుతూ వచ్చిన రాత్రులు మేము చూశాం. గర్భం గర్భసంచిలో కాక గొట్టంలో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ఆ గొట్టం పగిలితే ప్రాణాపాయం. అది ఫోనుకు తెలిసే అవకాశం లేదు, స్కానింగు చేస్తేనే తెలుస్తుంది.

చూసింది బయటపడుతుందని భయపడే అక్కచెల్లెళ్లకు ఒక ఉపాయం. ఫోన్లో ఇన్‌కాగ్నిటో అని ఒక పద్ధతి ఉంది. అందులో చూసినవి ఆ ఫోన్లోని జాబితాలో మిగలవు. మామూలుగా చూసినా హిస్టరీలోకి వెళ్లి తుడిచేయవచ్చు. పదో తరగతి చదివే అమ్మాయిని అడగండి, రెండు నిమిషాల్లో చూపిస్తుంది. దాచుకోవలసి రావడమే బాధాకరం అంటారా, నిజమే. ఇంట్లో మగవారు ఈ పత్రిక చదువుతుంటే ఒకటి చెబుతాం. రోజుకు పావుగంట ఫోను ఆమె చేతికిచ్చి, ఏం చూశావని అడగకండి.

ఈ మధ్య మన ఓపీ చీటీలో ఫోన్ నంబరుకు రెండు గడులు పెట్టించాం. మొదటిది రోగి సొంత నంబరు. లేకపోతే ఖాళీగా వదిలేయవచ్చు, రెండోదానికి రిపోర్టులు పంపమంటేనే పంపుతాం. స్త్రీలు తమ రిపోర్టు స్వయంగా వచ్చి తీసుకుంటామన్నా సరే, కౌంటరులో వారి చేతికే ఇస్తారు.

స్త్రీల సమాజం అడిగిన మీదట ప్రతి గురువారం మధ్యాహ్నం 2 గంటల నుంచి 4 గంటల వరకు స్త్రీల ఓపీ పక్క గదిలో ఒక సీనియర్ సిస్టరు కూర్చుంటున్నారు. ఫోన్లో చూసింది నిజమో కాదో అడగడానికి రండి. వీడియో తెచ్చినా, వాట్సాప్‌లో వచ్చిన మెసేజి తెచ్చినా, నోటిమాటగా విన్నది తెచ్చినా ఫరవాలేదు. చీటీ అక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. ఫోను లేనివారికి అక్కడ ఒకటి ఉంచాం, కూర్చుని చూసుకోవచ్చు. తోడు వచ్చిన మగవారికి తలుపు బయట బెంచీ వేయించాం. మంచినీళ్ల కూజా కూడా అక్కడే ఉంది.